ఎండిన ఆగస్టులో ఆవు కొట్టంలోనే ఉందా: పలమనేరు వైపు ఒక ప్రాజెక్టు మదింపు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరు జిల్లా పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట మండలాల్లో 18 ఊళ్లలో మీ సంస్థ నాలుగేళ్లు పనిచేసింది. నీటి గుంటలు తవ్వించారు, నవధాన్యాలు (రకరకాల గింజలు కలిపి) చల్లించారు, డ్రిప్ ఇప్పించారు, వాన కబుర్లు ఫోన్లకు పంపారు. ప్రాజెక్టు ముగిసింది. వాతావరణ మార్పును తట్టుకునే శక్తి రైతులకు పెరిగిందో లేదో మూడు నెలల్లో తేల్చి చెప్పమని డబ్బిచ్చినవాళ్లు అడుగుతున్నారు. చేతిలో ఆరు లక్షలున్నాయి. 2021-22లో, ప్రాజెక్టు మొదట్లో తీసిన బేస్‌లైన్ సర్వేతో పోలిస్తే వేరుశనగ దిగుబడి ఎకరాకు మూడో వంతు పెరిగింది, అది చూపిస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

సరిపోదు. ఈ ప్రాంతం తెలిసినవాడెవడైనా ఆ రిపోర్టు చదివితే మొదటి పేజీలోనే పట్టుకుంటాడు.

నేను తిరుపతిలో ఉంటాను. వాటర్‌షెడ్ పనుల రోజుల నుంచి ఈ పడమటి మండలాల్లో తిరిగినవాణ్ని. మొదట పనులు చేయించే వైపు ఉన్నాను, తర్వాత చాలా ఏళ్లు వాటిని మదింపు చేసే వైపు. రెండు చోట్లా తప్పులు చేశాను. కొన్ని ఇక్కడ చెప్తాను, మీకైనా పనికొస్తాయి.

మొదట ఆ బేస్‌లైన్ సంగతి. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మీ వైపు కౌండిన్య కూడా పొంగింది. ఆ వానలకు పీకి కుప్ప వేసిన చెనక్కాయలు, అదే వేరుశనగ, కుప్పలోనే మొలకెత్తాయి, కట్టె (కాయ తీసిన ఎండు చెట్లు) కుళ్లిపోయి గొడ్లకు మేత లేకుండా పోయింది. అలాంటి ఏడాదిని మొదటి మెట్టుగా పెట్టుకుంటే, మీరు ఏమీ చేయకుండా నాలుగేళ్లు నిద్రపోయినా తర్వాతి దిగుబడి ఎక్కువగానే కనిపిస్తుంది. మీది కాని గొప్పను మీ ఖాతాలో వేసుకున్నట్టు అవుతుంది. దీనికి తిరగేసిన తప్పు నేనే ఒకసారి చేశాను: మంచి వానలు పడిన ఏడు బేస్‌లైన్ తీసి, కరవు ఏడాది ముగింపు సర్వే చేసి, బాగా జరిగిన పనిని ఫెయిలయిందని రాశాను. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ దాని గురించి నన్ను ఆటపట్టిస్తారు.

తట్టుకునే శక్తి వానలు బాగున్న ఏడాది కనిపించదు. గొడుగుకు చిల్లు ఉందో లేదో ఎండలో తెలుస్తుందా? కాబట్టి సర్వే ఫారం రాయడానికి ముందు, ఈ నాలుగేళ్లలో దెబ్బ ఎప్పుడు తగిలిందో వెతకండి. ఏపీ డబ్ల్యూఆర్ఐఎమ్ఎస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మండలాల వారీగా వాన లెక్కలు, భూగర్భ జల మట్టాలు దొరుకుతాయి. రోజువారీ వాన తీసుకోండి. ఏడాది మొత్తం చూస్తే మోసపోతారు. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో పెద్ద వాటాలు రెండు, ఒకటి నైరుతిది, ఇంకొకటి ఈశాన్యానిది. ఆగస్టంతా ఎండి నవంబరులో తుపాను కుమ్మేస్తే ఏడాది లెక్కలో 'సాధారణ వర్షపాతం' అని ఉంటుంది. చెరువు నిండి మొరవ పోతుంది, చేలో మాత్రం ఏమీ ఉండదు.

వర్షాధారంగా వేసిన చెనక్కాయకు ప్రాణసంకటం పూత నుంచి ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగి కాయ ఊరే వరకు. జూలైలో విత్తితే అది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పడుతుంది. ఆ రోజుల్లో రెండు మంచి వానల మధ్య పదిహేను, ఇరవై రోజులు ఎక్కడ ఎండిందో మండలం మండలానికీ గుర్తు పెట్టుకోండి. 2023 ఆగస్టు నుంచి మొదలుపెట్టండి. దేశం మొత్తమ్మీద 1901 నుంచి లెక్క చూస్తే అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. మీ మూడు మండలాల్లో ఏది ఎంత ఎండిందో రోజువారీ లెక్కే చెబుతుంది. పాతవాళ్లకు 2016 గుర్తుంటుంది. అప్పుడూ ఊడలు దిగే వేళకే వాన ముఖం చాటేసింది, మన జిల్లాలో, అనంతపురంలో ప్రభుత్వం నీళ్లు దూరంగా చిమ్మే రెయిన్ గన్లు పెట్టి తడులు ఇప్పించింది. ఆ దెబ్బతో పోల్చి చెప్పమంటే ముసలి రైతులు చాలా వివరంగా చెబుతారు.

మీ మదింపంతా ఆ మూడు వారాల చుట్టూ తిరగాలి. ఆ మూడు వారాల్లో, ఆ తర్వాత ఆరు నెలల్లో ఆ ఇంట్లో ఏం జరిగింది?

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి. కష్టం వచ్చినప్పుడు మన వైపు సేద్యగాడి ఇల్లు ఒక వరసలో కిందికి దిగుతుంది. మొదట చీటీ ఎత్తుకుంటారు, లేదా డ్వాక్రా గ్రూపులో చిన్న అప్పు తీసుకుంటారు. తర్వాత అంగట్లో ఖాతా పెరుగుతుంది. తర్వాత చెవుల కమ్మలో గొలుసో కుదువకు పోతుంది. తర్వాత పెయ్యదూడను అమ్ముతారు. మగవాళ్లలో ఒకరు బెంగళూరు రైలెక్కుతారు. కుప్పం వైపు ఇది ఎంత మామూలంటే దాన్ని వలస అని కూడా అనరు, 'పనికి పోతా ఉండాడు' అంటారు. ఆ తర్వాత పాలిచ్చే ఆవు పోతుంది. పిల్లను కాలేజీ మాన్పిస్తారు. చివరికి చేను గుత్తకు ఇవ్వడమో, అమ్మడమో. మొదటి నాలుగు మెట్లు దిగినవాళ్లు మళ్లీ వానొస్తే ఎక్కి రాగలరు. పాలిచ్చే ఆవును అమ్మినవాళ్లు ఎక్కడం కష్టం, ఎందుకంటే కరవులో అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి సంతలో సగం ధరకు పోతుంది, వానలొచ్చాక అదే ఆవును కొనాలంటే రెట్టింపు. చేను పోతే సంగతి ముగిసినట్టే.

అందువల్ల మీరు ప్రతి ఇంట్లో తెలుసుకోవాల్సినవి రెండు: ఆ ఎండకు ఈ ఇల్లు ఎన్నో మెట్టు దాకా దిగింది, మళ్లీ పైకి రావడానికి ఎన్ని నెలలు పట్టింది. కుదువ పెట్టిన గొలుసు ఎప్పుడు విడిపించారు? విడిపించారా, వేలానికి పోయిందా? ఈ వివరాలు చెబుతూ ఒకామె నా ముందే వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది, ఒక్క నెల తేడా లేదు. దిగుబడి ఎంతొచ్చింది అని అడిగితే మాత్రం 'ఏదో వచ్చిందిలే' అంటారు. గొలుసు విడిపించిన రోజును ఎవరూ మరిచిపోరు.

'మీకు తట్టుకునే శక్తి పెరిగిందా' అని ఎవర్నీ అడగకండి. మీ పాత ఫారంలో అలాంటి ప్రశ్నలు కచ్చితంగా ఉండి ఉంటాయి. మన వాళ్లు మర్యాదస్తులు. ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, ఫారం పట్టుకుని కూర్చున్నవాణ్ని నొప్పించరు. 'పెరిగింది సార్, మీరొచ్చినాక బాగుంది' అంటారు. మీ సంస్థ బండిలో, మీ సంస్థ బ్యాగు తగిలించుకుని, అన్నిటికీ మించి మీ ఊరి కార్యకర్తను పక్కన పెట్టుకుని వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. సర్వే చేసే పిల్లలు బయటివాళ్లయి ఉండాలి. మాట మన వైపు మాటే అయి ఉండాలి, అదీ ముఖ్యమే. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక అబ్బాయి 'గడ్డి ఎంత మిగిలింది' అని అడుగుతూ ఊరంతా తిరిగాడు. గడ్డి అంటే వరిగడ్డి అనుకుని అందరూ లేదన్నారు. చెనక్కాయ కట్టె మిద్దెల మీద నిండుగా ఉంది.

ఇంకొక మాట. మనుషుల జ్ఞాపకం మీదే ఆధారపడక్కర్లేదు. ఊళ్లో పాల కేంద్రం ఉంటుంది కదా. పూటకు ఎవరింటి నుంచి ఎన్ని లీటర్లు వచ్చాయో అక్కడ రాసి ఉంటుంది, ఇప్పుడైతే చాలాచోట్ల కంప్యూటర్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి లెక్క. ఆగస్టులో ఎనిమిది లీటర్లు పోసే ఇల్లు అక్టోబరుకు రెండు లీటర్లకు వచ్చిందంటే మేత తగ్గిందని అర్థం. ఒక రోజు నుంచి సున్నా అయిందంటే ఆవు పోయి ఉంటుంది, లేదా వట్టిపోయి ఉంటుంది, వెళ్లి అడగండి. అలాగే డ్వాక్రా గ్రూపుల పుస్తకాలు. ఏ నెలలో ఎన్ని కంతులు ఆగాయో అందులో కనిపిస్తుంది. ఇంత ఖరీదైన సమాచారం ఊళ్లో ఊరికే పడి ఉంటే, మనం లక్షలు పెట్టి 'గత సంవత్సరం మీ ఆదాయం ఎంత' అని అడుగుతూ తిరుగుతాం. గ్రూపు సభ్యుల ఒప్పుకోలు, పాల కేంద్రంవాళ్ల అనుమతి తీసుకోండి, రిపోర్టులో పేర్లు రానివ్వకండి. అంతవరకే జాగ్రత్త.

ఇప్పుడు నీటి గుంటలు. మీరు ఎన్ని తవ్వించారో రాశారు, ఎన్ని నిండాయో రాశారు. రెండూ నాకు అక్కర్లేదు. చిన్న లెక్క చేద్దాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంటకు గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి అందులో పట్టేది దాదాపు 130 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే లక్షా ముప్పై వేల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ ఒక ఎకరాకు రెండున్నర సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే లక్ష లీటర్లు కావాలి. అంటే నిండు గుంట ఒక ఎకరాకు ఒకే ఒక్క రక్షక తడి. అదీ ఎండ మొదలైన రోజుకు గుంట నిండుగా ఉంటేనే. మన ఎర్ర నేలల్లో అడుగున ప్లాస్టిక్ షీటు లేని గుంటలో నీళ్లు ఎన్నాళ్లు ఆగుతాయో మీకు తెలుసు. భూమిలోకి ఇంకితే మంచిదేగా, కింద బోరుకు పనికొస్తుంది అంటారు. నిజమే, కానీ ఆ బోరు ఎవరిది?

కాబట్టి గుంట దగ్గర అడగాల్సినవి వేరు. ఎండిన ఆ మూడు వారాల్లో ఇందులో నీళ్లున్నాయా? ఉంటే తోడారా? దేంతో తోడారు, ఆయిల్ ఇంజన్ ఎవరిది, అద్దె ఎంత, స్ప్రింక్లర్ పైపులు ఎవరిచ్చారు? ఎన్ని సెంట్లకు అందింది? ఇంజన్ దొరక్క గుంట నిండా నీళ్లు పెట్టుకుని పక్కనే పైరు వాడిపోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లను నేను చూశాను. ఆ ప్రాజెక్టులో గుంటకు డబ్బుంది, ఇంజన్‌కు లేదు. కాగితం మీద ఆ గుంట 'వినియోగంలో ఉన్నది'.

షీటు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఒక ఊళ్లో గుంటలు చూస్తూ పోతుంటే ఒకచోట అడుగు షీటు లేదు. వెతికితే అది రైతు ఇంటి వెనక వామి మీద కప్పి ఉంది. నాతో వచ్చిన ఇంజనీరుకు కోపం వచ్చింది, దుర్వినియోగం అని రాసుకున్నాడు. నేనూ అలాగే టిక్కు పెట్టాను. సాయంత్రం ఆ ఇంటి పెద్దామెతో మాట్లాడితే తెలిసింది: నవంబరు వానలకు ఊళ్లో అందరి కట్టె కుళ్లితే, ఆ షీటు కింద ఉన్నది మాత్రం నిలిచింది. ఆ ఏడు ఊళ్లో చాలా ఇళ్లు ఆవుల్ని తోలేశాయి, వాళ్లు రెండింటినీ నిలుపుకున్నారు. ఆ ప్రాజెక్టులో మొత్తం మీద తుపానును తట్టుకున్న పని ఏదైనా ఉంటే అదొకటే. మా ఫారంలో దాన్ని రాయడానికి గడి లేదు. అందుకే చెప్తున్నా, ప్రతి ఇంట్లో చివర ఒక ఖాళీ పేజీ ఉంచండి: 'మేము ఇచ్చినదాన్ని మీరు ఇంకెలా వాడుకున్నారు?'

పోలిక ఊళ్ల గురించి. మీ ఊళ్లనే అప్పుడూ ఇప్పుడూ చూస్తే మార్పు మీ వల్ల వచ్చిందో వాన వల్ల వచ్చిందో తేలదు. మీ ప్రాజెక్టు లేని ఊళ్లు కొన్ని కావాలి. నేల, వాన, చెరువు ఉండడం లేకపోవడం, పలమనేరు టౌనుకు దూరం, పాల కేంద్రం ఉండడం, ఇవి దాదాపు ఒకేలా ఉన్నవి చూసుకోండి. ఊరికే లెక్కకు చెప్తాను: మీ ఊళ్లలో దిగుబడి ఎకరాకు నాలుగు బస్తాలు పెరిగి, పక్క ఊళ్లలోనూ మూడు బస్తాలు పెరిగితే, మీ వంతు ఒక బస్తా. నాలుగు అని రాసుకుంటే అబద్ధం. పోలిక ఊళ్లలో బేస్‌లైన్ లేదు కదా అంటారు. జ్ఞాపకం మీద రాబట్టండి, కానీ '2021లో' అని అడగకండి. 'కరోనా తర్వాత, పెద్దవానలొచ్చి కట్టె కుళ్లిన ఏడు' అనండి. ఊరి గంగమ్మ జాతరకు ముందా తర్వాతా అనండి. అప్పుడు దూడలు ఎన్ని ఉన్నాయో కూడా చెబుతారు.

పోలిక ఊరు ఎంచుకునేటప్పుడు అక్కడ ఇంకెవరు పనిచేశారో కనుక్కోండి. మన జిల్లాలో ఏమీ లేని ఊరు దొరకడం కష్టం. ఐక్యరాజ్యసమితి వ్యవసాయ నిధి ఐఫాడ్ సాయంతో వచ్చిన కరవు నివారణ ప్రాజెక్టు నడిచిన ఐదు జిల్లాల్లో మనదీ ఒకటి. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం కింద నవధాన్యాలు చల్లించిన ఊళ్లు ఉన్నాయి. ఉపాధి హామీ గుంటలు ఎక్కడైనా ఉంటాయి. ఇక విత్తనం అల్లుడింటికి పోవడం మన దగ్గర మామూలే. మీ ఊరి అనుములు, కందులు పక్క మండలంలో కనిపిస్తే అది పోలికను చెడగొడుతుంది. ప్రాజెక్టుకు మాత్రం అదే మంచి పేరు. రెండూ రాయండి.

ఆదాయం లెక్కల్లో మునిగిపోకండి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటి ఎగిరింది. అప్పుడు తోటలో కాయ ఉన్నవాడు ఇల్లు కట్టాడు. దానికీ మీ ప్రాజెక్టుకూ ఏ సంబంధమూ లేదు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 వచ్చేలా ప్రకటించాల్సి వచ్చింది. మామిడి ఉన్న ఇల్లు ఆ ఏడు దిగిందంటే వానను తిట్టి లాభం లేదు. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా నీళ్లు కుప్పం బ్రాంచి కాలువలోకి వచ్చాయి. కాలువ నీళ్లు చేరిన చెరువు కింద ఉన్న ఊరిని, చేరని ఊరితో పోల్చకండి. ఏనుగులు మరీ దారుణం. కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లలో ఒక్క రాత్రిలో రాగి చేను పోతుంది. అక్కడ 'పంట నష్టం' అని రాస్తే అది ఎండదా, ఏనుగుదా అని పక్కన ఒక గడి పెట్టండి. నవ్వులాటకు చెప్పడం లేదు. అది లేక ఒక రిపోర్టు మొత్తం తిరగరాయాల్సి వచ్చింది.

డ్రిప్ సంగతి మీకు నచ్చకపోవచ్చు. డ్రిప్ పెట్టిన రైతు మిగిలిన నీళ్లను భూమిలో దాచుకోడు, పక్కన ఇంకో అరెకరం టమోటా పెడతాడు. నేనైనా అదే చేస్తాను. అందువల్ల ఎకరాకు నీళ్లు తగ్గాయి అనే లెక్క నిజమైనా, బోరు నుంచి తోడే మొత్తం తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. నాలుగేళ్లలో ఊళ్లో కొత్త బోర్లు ఎన్ని పడ్డాయి, ఎన్ని అడుగులకు పోయాయి, ఎన్ని ఎండాయి? ఈ మూడూ అడగండి. వెయ్యి అడుగులు దాటి వేసిన బోరు అప్పుతో వేసిందే అయి ఉంటుంది. ఒకరి తట్టుకునే శక్తి పక్కవాడి బోరు ఎండగట్టి వచ్చిందైతే, దాన్ని రెండు ఇళ్ల లెక్కలోనూ రాయాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరవు జిల్లాల్లో, మన చిత్తూరుతో సహా, ఏపీఎఫ్ఏఎమ్‌జీఎస్ అనే ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచి, బావుల మట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత వేయాలో లెక్క వేసుకునేవాళ్లు. నాకు తెలిసి తట్టుకునే శక్తి అనే మాటకు అంత దగ్గరగా వచ్చిన పని ఇంకొకటి లేదు. మీ ఊళ్లలో అలాంటి కూర్చోవడం ఏదైనా జరిగిందా, ప్రాజెక్టు డబ్బు ఆగాక కూడా జరుగుతోందా అని చూడండి.

ఆగాక అన్నాను. నవధాన్యాల విత్తనం ఈ వేసవిలో ఎవరు ఇచ్చారు? మీరిచ్చిన సంచి అయిపోయాక సొంతంగా సమకూర్చుకుని చల్లినవాళ్లు ఎంతమంది? ఇరవై మంది అయినా సరే, ఆ ఇరవై మంది మీ నిజమైన లెక్క. చెనక్కాయ విత్తనానికి ఇంకో చిక్కుంది. ఎకరాకు అరవై కిలోలకు తగ్గకుండా గింజలు కావాలి, పెట్టుబడిలో పెద్ద ముక్క అదే. ఒక కరవు ఏడాది విత్తనపు కాయ తినేస్తారు లేదా అమ్మేస్తారు, మరుసటి ఏడు సబ్సిడీ విత్తనం కోసం చూస్తూ అదును పోగొట్టుకుంటారు. కరవు తర్వాతి ఏడాది ఇంట్లో విత్తనం ఉందా, నేల పదునైన రోజునే విత్తారా, ఈ ఒక్క ప్రశ్నతో చాలా తెలుస్తుంది. వాన తప్పాక చేను బీడు పెట్టారా, ఉలవలు చల్లారా అన్నది దాని తోడు ప్రశ్న.

ఫోన్ మెసేజ్‌లు ఎన్ని పంపారో లెక్క చెప్పకండి. ఎండిన ఆ వారంలో పంపిన ఒక మెసేజ్ తీసుకెళ్లి చూపించి, ఇది వచ్చాక ఏం మార్చుకున్నారు అని అడగండి. చాలా ఇళ్లలో జవాబు, ఫోన్ బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గర ఉందని.

ఎవరు మిగిలిపోయారో వెతకడం మదింపులో సగం పని. గుంట తవ్వాలంటే సొంత భూమి ఉండాలి, డ్రిప్‌కు బోరు ఉండాలి. అంటే గుత్తకు చేసేవాళ్లు, డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన) మెట్ట భూమి ఉన్నవాళ్లు, భర్త పోయి కాగితాలు మామ పేరు మీదే ఉన్న ఆడవాళ్లు మొదటి రోజే బయట ఉండిపోయారు. మీ లబ్ధిదారుల జాబితాలోంచి శాంపుల్ తీస్తే వాళ్లెవరూ రారు. ఊరి మొత్తం ఇళ్ల జాబితా తీసుకుని అందులోంచి తీయండి. భూమి లేని కూలివాళ్లనూ వదలకండి. డ్రిప్, మల్చింగ్ షీటు వచ్చాక కలుపు పని తగ్గింది. రైతు లెక్కలో అది ఆదా, కలుపు తీసే ఆమె లెక్కలో అవి పోయిన కూలి రోజులు. ఎండిన ఏడాది ఆ రోజులే ఆమెకు అన్నం.

డబ్బిచ్చినవాళ్లు ఎలాగూ ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన ఆరు శీర్షికల కింద రాయమంటారు: అవసరానికి తగిందా, మిగతా పథకాలతో పొసిగిందా, అనుకున్నది జరిగిందా, ఖర్చుకు తగ్గట్టుందా, ఫలితం ఏమిటి, నిలుస్తుందా. రెండోది 2019లో చేరింది, అంతకుముందు ఐదే ఉండేవి. తట్టుకోవడం, సర్దుకోవడం, మారిపోవడం అని శక్తిని మూడుగా విడగొట్టి చూపమని కూడా అడగొచ్చు. విడగొట్టండి, తప్పేం లేదు. కమ్మలు కుదువ పెట్టి గట్టెక్కడం మొదటిది, చెనక్కాయ తగ్గించి కంది సాళ్లు పెంచడం రెండోది, ఊరంతా కూర్చుని బోర్ల మీద కట్టుబాటు చేసుకోవడం మూడోది. ఆ మూడోది ఏ ఊళ్లోనూ కనిపించకపోతే కనిపించలేదని రాయండి. నాలుగేళ్లలో అది వస్తుందని ఎవరూ అనుకోరు.

ఆరు లక్షలకు పెద్ద సర్వే వద్దు. ఒకే ఊళ్లో యాభై ఇళ్లు తిరిగితే అందరూ ఒకే వాన, ఒకే చెరువు, ఒకే వ్యాపారి, కొత్తగా తెలిసేది తక్కువ. మీ పద్దెనిమిది ఊళ్లకూ పోండి, పోలికకు మరో పన్నెండు ఊళ్లు చూసుకోండి, ఊరికి పది పన్నెండు ఇళ్లు చాలు. మిగిలిన డబ్బుతో అందులోంచి ఇరవై ఇళ్లకు రెండోసారి, తీరిగ్గా వెళ్లండి. ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం పది మీటర్ల వివరంతో చేలను చూపిస్తుంది. తెలిసిన విద్యార్థి ఎవరైనా ఉంటే ఎండిన వారాల్లో మీ ఊళ్ల చేలు పక్క ఊళ్లకన్నా పచ్చగా ఉన్నాయేమో చూడమనండి. ఆగస్టులో మబ్బులుంటే చిత్రం పాడవుతుంది, కానీ వాన లేని ఆగస్టు అంటేనే మబ్బు తక్కువ కదా, కొన్నయినా దొరుకుతాయి. మామిడి తోటలూ మల్బరీ తోటలూ ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి, వాటిని తీసేసి చూడమనండి.

వెళ్లే టైమ్ చూసుకోండి. సంక్రాంతి వారం వద్దు, జాతర వారం వద్దు. పొద్దున పాలు పోసే వేళకు ముందు ఎవరూ మాట్లాడరు. సాయంత్రం పాల కేంద్రం దగ్గర నిలబడితే ఊళ్లో సగం మంది అక్కడికే వస్తారు. క్యాను చేతిలో లేకుండా వచ్చి ఊరికే నిలబడి కబుర్లు చెప్పే మనిషి ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల ఇల్లు మీ శాంపుల్‌లో లేకపోయినా వెళ్లి మాట్లాడండి. నిరుడు దాకా వాళ్లూ క్యాను తెచ్చుకునేవాళ్లేమో.

ఫారం తయారయ్యాక పంపండి, చూసి చెప్తాను. 'పెరిగిందా' అని ముగిసే ప్రశ్నలన్నీ ముందే కొట్టేసి పంపండి.